పట్టాల పక్కన పది భాషల ఊరు

చిన్నప్పుడు బళ్లో క్విజ్ పోటీ పెడితే తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుండేది. 'ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం ఎక్కడుంది?' మాస్టారు ప్రశ్న పూర్తిచేయకముందే చేతులు లేచేవి. ఖరగ్‌పూర్! పొడవు 1072.5 మీటర్లు. ఆ రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కీ, 2023లో హుబ్బళ్లికీ వెళ్లిపోయింది. ఖరగ్‌పూర్ పేరు మాత్రం మన నోళ్లలో అలాగే ఉండిపోయింది.

ఉత్తరాంధ్రలో అయితే ఆ పేరుకి క్విజ్‌తో పనేలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 'మా తాత ఖరగ్‌పూర్ల పనిజేసీవోడు', 'మా మేనత్తని ఖరగ్‌పూర్ ఇచ్చారు' అనే మాటలు పక్కూరి సంగతి చెప్పినంత మామూలుగా వినపడతాయి. పక్కూరేమీ కాదు. విశాఖలో హౌరా రైలెక్కితే దాదాపు 760 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దాటాక ఒడిశా కోస్తా అంతా కొలుచుకుంటూ వెళ్లి, బాలాసోర్ దాటి బెంగాల్లో అడుగుపెడితే వచ్చే మొదటి పెద్ద జంక్షన్. అక్కడి నుంచి హౌరా ఇంకా 115 కిలోమీటర్లు. కలకత్తా వెళ్లేవాళ్లు ఆ టైముకి సామాన్లు సర్దుకుంటూ ఉంటారు. ఖరగ్‌పూర్ కిటికీలోంచి చూసే ఊరేగానీ దిగే ఊరు కాదన్నట్టు ఉంటుంది వాళ్ల వరస.

ఒకసారి దిగి చూడండి. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. రాసిన భాషలు ఆ మూడే. కాసేపు చెవి ఒగ్గి నిలబడితే వినపడే భాషలు వేరు. బెంగాలీ, ఒడియా, హిందీ, భోజ్‌పురి, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ, సంథాలీ... వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి 'ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు?' అని అచ్చమైన సిక్కోలు పలకరింపు! మున్సిపాలిటీ జనాభా 2011 లెక్కల ప్రకారం రెండు లక్షల చిల్లర. రైల్వే కాలనీలను కలుపుకుంటే ఇంకా పెరుగుతుంది. మన లెక్కలో ఓ మాదిరి పట్టణం. అంత ఊళ్లో ఇన్ని భాషలు ఎలా దిగాయో తెలియాలంటే రైలుపట్టాల వెంటే వెనక్కి వెళ్లాలి.

రైలు దించిన జనం

రైలు రాకముందు ఇదో పల్లె. ఇందా అనే పేటలో ఖడ్గేశ్వరుడి గుడి ఉంది. ఖరగ్‌పూర్ పేరు అందులోంచే వచ్చిందంటారు. భీముడు హిడింబాసురుణ్ని చంపి హిడింబిని పెళ్లాడింది ఇక్కడేనని కూడా స్థానికులు చెబుతారు. హిడింబేశ్వరి గుడీ ఉంది. మనదేశంలో భీముడు తిరగని ఊరు ఎక్కడుంది గనక!

పురాణం సంగతెలా ఉన్నా ఊరి అసలు చరిత్ర 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. పెద్దవాళ్ల నోళ్లలో బీఎన్నార్. నాగ్‌పూర్ నుంచి తూర్పుకి పరుచుకుంటూ వచ్చిన ఆ కంపెనీ పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయింది. దాంతో హౌరాకి దారి దొరికింది. ఇంకో పక్క 1890ల్లోనే విజయవాడ నుంచి కటక్ వరకూ సముద్రతీరం వెంట పట్టాలు పడ్డాయి. 1902లో ఆ మార్గంలో వాల్తేరుకి ఉత్తరాన ఉన్న భాగం బీఎన్నార్ చేతికొచ్చింది. అంటే వాల్తేరు, పలాస, బరంపురం, ఖరగ్‌పూర్... అన్నీ ఒకే కంపెనీ కింద, ఒకే పట్టాల మీద. మనవాళ్ల కథకి ఇదే మొదటి మెట్టు.

అప్పటికే గంజాం, విశాఖపట్నం జిల్లాల జనానికి వలస కొత్తకాదు. వానల్లేకపోతే పొట్ట చేతపట్టుకుని కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో ఓడలెక్కి రంగూన్ పోయేవాళ్లు. రంగూన్ అంటే సముద్రం దాటాలి. వెళ్లినవాడు ఎప్పుడొస్తాడో తెలీదు. ఖరగ్‌పూర్ అలాక్కాదు. ఊరికి దగ్గర్లో రైలెక్కితే మర్నాటికల్లా అక్కడ. అక్కడ ఇంజిన్లూ పెట్టెలూ బాగుచేసే పెద్ద వర్క్‌షాప్ లేచింది. కొలిమి పనికి, పట్టాల పనికి, బొగ్గు ఎత్తడానికి వేల చేతులు కావాలి. ఒకడు వెళ్లి కుదురుకుంటే తమ్ముడిని పిలిచేవాడు. తమ్ముడు బావమరిదిని. కొన్నేళ్లకి మన పల్లెల్లోని పేటలకు పేటలే మథురాకాటీ, నీంపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి చోట్ల మళ్లీ లేచాయి.

వచ్చింది మనవాళ్లొక్కరే కాదు. రైలు కాంట్రాక్టులకు కచ్ నుంచి మిస్త్రీలొచ్చారు. వాళ్ల వెనకే గుజరాతీ వర్తకులు. పంజాబ్ నుంచి సిక్కులు. బీహార్, యూపీల నుంచి కూలీలు. ఆఫీసు గుమస్తా ఉద్యోగాలకు బెంగాలీలు. తమిళులూ మలయాళీలూ కొద్దిమంది. పక్కనే ఉన్న ఒడిశా నుంచి ఒడియాలు. వీళ్లందరికంటే ముందు నుంచీ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నది సంథాలులు. 1947 తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు వచ్చి చేరారు. అందరి ఇళ్లకీ యజమాని రైల్వేయే. క్వార్టర్లు ఉద్యోగం హోదాని బట్టి ఇచ్చేది కంపెనీ. అందుకని ఒకే వరసలో తెలుగు గుమ్మం పక్కన ఒడియా గుమ్మం, దాని పక్కన పంజాబీ గుమ్మం. ఎవరింట్లో ఏం తాలింపు పడిందో గోడ అవతలివాళ్లకి తెలిసిపోయేది.

ఆంగ్లో ఇండియన్ల గురించి ఒకమాట చెప్పుకోవాలి. డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మన్లుగా రైల్వేలో పై ఉద్యోగాలు చాలావరకు వాళ్లవే. రైల్వే కాలనీలో వాళ్లకి చర్చి, క్లబ్బు, డాన్సులు, హాకీ. హాకీ దిగ్గజం లెస్లీ క్లాడియస్ పుట్టింది బిలాస్‌పూర్‌లో అయినా హాకీ కర్ర పట్టింది ఖరగ్‌పూర్‌లోనే. ఆయన అప్పటికి ఫుట్‌బాల్ ఆటగాడు. బీఎన్నార్ హాకీ జట్టులో ఒకరు తక్కువైతే 1932 ఒలింపిక్స్ ఆడిన డికీ కార్ ఆయన్ని ఆడమన్నాడు. ఆ సర్దుబాటు ఆట తర్వాత మూడు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం దాకా వెళ్లింది. స్వాతంత్ర్యం తర్వాత ఆంగ్లో ఇండియన్లు ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడాలకు తరలిపోయారు. ఖరగ్‌పూర్‌లో వాళ్ల ఇళ్లు మిగిలాయి గానీ వాళ్ల ఇంగ్లీషు మిగల్లేదు. ఊళ్లోంచి ఒక భాష ఎలా వెళ్లిపోతుందో చూడాలంటే ఈ ఉదాహరణ చాలు.

నాలుగు భాషల్లో ఒకే డిమాండ్

ఇన్ని రకాల మనుషుల్ని ఒకచోట పెట్టుకుంటే వాళ్లు ఒకటి కాలేరని కంపెనీ అనుకుందో ఏమో తెలీదు. 1927లో మాత్రం ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఉద్యోగాల కోత మీద పోరాటం అది. బీఎన్నార్ కార్మిక సంఘాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన మన వరాహగిరి వెంకటగిరి. తర్వాత 1969లో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. రాష్ట్రపతి భవన్‌కి ఆయన వెళ్లిన దారిలో ఖరగ్‌పూర్ కూడా ఒక స్టేషన్ అన్నమాట.

రాజకీయాల్లోనూ ఈ ఊరి తీరు వేరు. బెంగాల్లోని ఈ పట్టణం నుంచి పదిసార్లు శాసనసభకు వెళ్లిన నాయకుడు ఒక సిక్కు. జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్. ఊరంతటికీ 'చాచా'. తొంభై దాటిన వయసులో 2016లో ఓడిపోయారు. మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయనకి ఓట్లేసినవాళ్లలో పంజాబీలు ఎంతమంది ఉంటారు? ఆ ఒక్క ఓటుతో పదిసార్లు గెలవడం అయ్యేపని కాదు.

దాదా అంటే అన్నయ్యే!

మన పేపర్లలో 'దాదా' అంటే దాదాగిరీ చేసే రౌడీ. ఖరగ్‌పూర్‌లో దాదా అంటే అన్నయ్య. కూరగాయలవాడూ దాదాయే, రిక్షావాడూ దాదాయే. మన 'బాబు'కి మాత్రం ఆ ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. బెంగాలీలకూ బాబు మర్యాదే, ఉత్తరాంధ్రలో 'బావూ' మర్యాదే.

ఇన్ని భాషలవాళ్లు మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాష కావాలిగా? అదే రైల్వే హిందీ. దీనికి వ్యాకరణం పుస్తకం ఉండదు. హిందీ నేర్చుకునే తెలుగువాణ్ని ఏడిపించేది లింగం. బండి ఆడదా మగదా, టికెట్టు మగదా ఆడదా అని తల బద్దలు కొట్టుకోవాలి. బెంగాలీ క్రియలకు లింగభేదం లేదు. కాబట్టి బెంగాల్ బజారు హిందీ ఆ తలనొప్పిని కిటికీలోంచి బయటికి విసిరేసింది. ఆయనైనా ఆవిడైనా 'జాయేగా'నే. 'హమ్ జాయేగా, తుమ్ జాయేగా, గాడీ ఆయేగా'. ఢిల్లీవాళ్లు విని నవ్వితే నవ్వనీ! వర్క్‌షాప్‌లో వందేళ్లకు పైగా పని నడిచింది ఈ హిందీతోనే.

తెలుగు ఇళ్లలో భాష సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తాతలు తెచ్చుకున్న సిక్కోలు యాస పేటల్లో పదిలంగా ఉంది. మన దగ్గర టీవీలూ కాలేజీలూ వచ్చి యాసలను చదును చేస్తున్నాయి. అక్కడ ఆ గొడవ తక్కువ. 'ఎల్తన్నావేటి', 'గుంట', 'సిన్నమ్మి' లాంటి మాటలు మన పల్లెల్లో కంటే అక్కడ ఎక్కువ కాలం బతికాయంటే ఆశ్చర్యం లేదు. అయితే అదే నోటిలో బెంగాలీ వచ్చి కూచుంది. కూర పేరు బెంగాలీ, కూర మీద ఫిర్యాదు తెలుగు! ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో బెంగాలీయో ఇంగ్లీషో. నాలుగు భాషలు అలవోకగా మాట్లాడే పిల్లలు తెలుగు అక్షరం కనిపిస్తే మాత్రం గుడ్లప్పగిస్తారు. మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఇదే అక్కడి అసలు బెంగ. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

అన్నట్టు ఇంటిపేర్ల కష్టం ఒకటుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది. మిగతా దేశానికి వెనకుంటుంది. అప్పారావు, రామారావు అని రాయిస్తే గుమస్తా చివరి ముక్క చూసి 'రావు' ఇంటిపేరనుకుంటాడు. తరం గడిచేసరికి కొడుకు రావు, కోడలు రావు, మనవరాలు కూడా రావే. అసలు ఇంటిపేరు ఏదో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు గానీ బయటికి రాదు. తెలుగు రాష్ట్రాలు దాటి బతికే చాలా కుటుంబాల్లో ఇదే కథ.

పెళ్లంటే గుర్తొచ్చింది. మేనరికం అనే మాట వింటే బెంగాలీలూ పంజాబీలూ ముక్కున వేలేసుకుంటారు. మేనమామ కూతురు వాళ్లకి చెల్లెలితో సమానం మరి. డాక్టర్లు కూడదంటున్నారు, నిజమే. కానీ ఖరగ్‌పూర్ తెలుగును ఇన్నాళ్లు నిలబెట్టినదాంట్లో మేనరికానికీ, సొంతూరి సంబంధాలకీ పెద్ద వాటా ఉందనిపిస్తుంది. తరానికోసారి శ్రీకాకుళం పల్లె నుంచి కొత్తకోడలు వస్తుంది. ఆమెకి బెంగాలీ రాదు. ఆమె నేర్చుకునేదాకా అత్తారింట్లో అందరూ తెలుగే మాట్లాడాలి. పుట్టిన పిల్లలకు ఆమె పాడే లాలిపాట తెలుగే. అలా ఇంటి భాషకి ప్రతి తరంలోనూ కొత్తనీరు పారేది. ఇప్పుడు పిల్లలు పక్క క్వార్టర్ ఒడియా అమ్మాయిని, కాలేజీలో బెంగాలీ అబ్బాయిని చేసుకుంటున్నారు. ఆ ఇంట్లో అందరికీ వచ్చిన భాష హిందీ. పిల్లలతో మాట్లాడేదీ అదే.

చద్దన్నానికి మూడు పేర్లు

తిండి దగ్గర మాత్రం ఈ ఊరు పెద్దగా పోట్లాడుకోదు. వేసవిలో రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తింటే మనకి చద్దన్నం. ఒడియావాళ్లకి పఖాళ. బెంగాలీలకి పాంతా భాత్. మనం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటాం. ఒడియావాళ్లు వేయించిన వడియాలో, చేపో పెట్టుకుంటారు. బెంగాలీలు దాని మీద నాలుగు చుక్కల పచ్చి ఆవనూనె వేస్తారు. ఆవనూనె వాసన మనకి మొదట ముక్కుకెక్కుతుంది. కానీ ఆవ పెట్టిన కూరలు మనకి మాత్రం తెలియనివా? బెంగాలీ ఆవముద్దతో వండిన చేపల పులుసు తిన్న విజయనగరం మనిషికి అది పూర్తిగా పరాయి రుచి అనిపించదు.

సాయంత్రమైతే మేదినీపూర్ అంతా మరమరాల మీద పడుతుంది. వాళ్ల మాటలో ముడి. అందులో బఠాణీల ఘుగ్ని కలుపుకునో, ఆలూ చాప్ నలుపుకునో తింటారు. మన ముంత మసాలాకి దగ్గర చుట్టం. ఇక గోల్‌బజార్‌లో ఇడ్లీ, దోసె తినేవాళ్లలో తెలుగువాళ్లే ఉంటారని అనుకుంటే పొరపాటే. ఆ రెండూ ఎప్పుడో ఊరందరివీ అయిపోయాయి.

పండగల క్యాలెండరు చూస్తే ఇంకో సరదా. జనవరి మధ్యలో సిక్కులు లోహ్‌డీ మంట వేస్తారు. అటూఇటూగా అదే రోజుల్లో మన భోగిమంట. మర్నాడు బెంగాలీలకి పౌష సంక్రాంతి, పిఠాల పండగ. మనకి అరిసెలు. ఏప్రిల్ మధ్యలో బెంగాలీల పహెలా బైశాఖ్, పంజాబీల వైశాఖి, ఒడియాల పణా సంక్రాంతి, తమిళుల కొత్త సంవత్సరం... ఒకటి రెండు రోజుల తేడాతో అన్నీ వచ్చేస్తాయి. చాంద్రమానం పాటించే మన ఉగాది మాత్రం ముందే, విడిగా వచ్చిపోతుంది. క్వార్టర్ల వరసలో మిగిలినవాళ్లకి ఇంకా పాత సంవత్సరం నడుస్తుండగానే తెలుగు గుమ్మానికి మామిడాకులు!

తెలుగు పేటల్లో జరిగే అమ్మవారి సంబరాలను ఊరు 'మాతా పూజ' అని పిలుస్తుంది. ఘటాలు, పసుపునీళ్లు, వేపమండలు, డప్పులు... పైడితల్లి, నూకాలమ్మల జాతరలు చూసినవాళ్లకి పరిచయమైన దృశ్యమే. మశూచి నుంచి కాపాడే శీతలాదేవిని మేదినీపూర్ పల్లెలు ఎప్పటి నుంచో కొలుస్తున్నాయి. అందుకే మన అమ్మవారు బెంగాలీలకి కొత్త దేవతగా తోచలేదు. దసరాకి బెంగాల్ అంతా దుర్గను నిమజ్జనం చేసి కళ్లు తుడుచుకుంటుంటే ఖరగ్‌పూర్‌లో దాంతోపాటు రావణుడి బొమ్మనూ తగలబెడతారు. ఉత్తరాది రైల్వే కార్మికుల చలవ అది.

ఇక అందరి పండగ సెప్టెంబరు 17. విశ్వకర్మ పూజ. కర్మాగారాల దేవుడికి భాష అడ్డం రాదు. వర్క్‌షాప్‌లో లేత్ మిషన్లకీ క్రేన్లకీ బొట్లు, పూలదండలు. ఏడాది పొడవునా నాన్న ఎక్కడ పనిచేస్తాడో తెలియని పిల్లలు ఆరోజు ఆ యంత్రాలను దగ్గరగా చూస్తారు.

రెండు తెలుగు ఖరగ్‌పూర్లు

స్టేషన్‌కి కొద్ది దూరంలోనే హిజ్లీ. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు చనిపోయారు. రవీంద్రనాథ్ టాగూర్, సుభాష్ చంద్రబోస్ గొంతెత్తి ఖండించారు. ఆ జైలు భవనంలోనే స్వాతంత్ర్యం తర్వాత దేశంలో మొట్టమొదటి ఐఐటీ మొదలైంది. 1951 ఆగస్టు 18న ప్రారంభోత్సవం చేసింది విద్యామంత్రి మౌలానా ఆజాద్. పాత భవనం ఇప్పుడు మ్యూజియం.

ప్రతి ఏటా ఎంట్రన్స్ రాసి హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల నుంచి తెలుగు కుర్రాళ్లు ఆ క్యాంపస్‌కి వస్తూనే ఉంటారు. నాలుగేళ్లుండి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మూడు నాలుగు తరాలుగా తెలుగు మాట్లాడుతున్న పేటలు ఉన్నాయని వాళ్లలో ఎంతమందికి తెలుసో! ఒక ఖరగ్‌పూర్ తెలుగు నాలుగేళ్లదీ, ఇంకోటి వందేళ్లదీ. ఈ రెండూ కలుసుకునేది ఏ దోసె బండి దగ్గరో, రిజర్వేషన్ క్యూలోనో. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఈ స్టేషన్లో టికెట్ కలెక్టరుగా చేశాడన్న సంగతి మాత్రం రెండు రకాలవాళ్లకీ కంఠతా వచ్చు.

తాతగారి కాగితం

రైల్వేలో తండ్రి ఉద్యోగం, క్వార్టర్, ఆ తర్వాత కొడుకు ఉద్యోగం... చాలాకాలం ఖరగ్‌పూర్ బతుకు ఇలాగే సాగింది. ఇప్పుడా గొలుసు తెగింది. 1990ల మొదట్లో దేశం మొత్తం మీద 16 లక్షలకు పైగా ఉన్న రైల్వే సిబ్బంది తర్వాత 12 లక్షల చిల్లరకు తగ్గారు. ట్రాక్‌మన్‌లాంటి భద్రతా ఉద్యోగులు ముందుగా రిటైరై పిల్లలకు ఉద్యోగం ఇప్పించుకునే పథకం 2004లో వచ్చి 2018లో ఆగిపోయింది.

ఇంకో మార్పు పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. బీఎన్నార్ పోయి ఆగ్నేయ రైల్వే వచ్చాక కూడా వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో ఉండేవి. బదిలీ అడిగితే కష్టమో నష్టమో విశాఖ వైపు వచ్చే వీలుండేది. 2003లో తూర్పుకోస్తా జోన్ ఏర్పడి వాల్తేరు అటు వెళ్లిపోయింది. ఆ తర్వాత విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లో ప్రకటించారు. మనకి సంతోషమే. ఖరగ్‌పూర్‌లోని తెలుగు ఉద్యోగికి మాత్రం సొంతూరు ఒక జోన్ దూరమైంది. రిటైరైన రోజున క్వార్టర్ ఖాళీ చేయాలి. శ్రీకాకుళంలో పొలం లేదు, ఉన్నా అన్నదమ్ముల చేతిలో ఉంది. పిల్లలు పుట్టిపెరిగింది ఇక్కడ. దాంతో మలంచా లాంటి చోట్ల రెండు గదులు కట్టుకుని ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

ఆగిపోయాక ఎదురయ్యే చిక్కు కులధ్రువీకరణ పత్రం. షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో జాబితాలో ఉన్న కులం బెంగాల్ జాబితాలో లేకపోవచ్చు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. విచిత్రం ఏమిటంటే ఆ కేసు వేసింది కూడా ఆంధ్రా నుంచి బొంబాయి వెళ్లిన ఉద్యోగి కొడుకే. రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన 1950 నాటికి కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉందో అక్కడి జాబితాయే లెక్క. అంటే తాత 1940లోనే వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిపోయి ఉంటే మనవడు ఆంధ్రా జాబితా పట్టుకుని వెళ్లలేడు. బెంగాల్ జాబితాలో కులం పేరు లేకపోతే ఇక్కడా దారి లేదు. ఎనభై ఏళ్ల కిందట బొగ్గు ఎత్తడానికి వచ్చిన మనిషి ఏ తేదీన ఎక్కడున్నాడో చూపించే కాగితం కోసం ఇంట్లో ట్రంకుపెట్టెలు వెతుక్కోవాలి. పరీక్ష ఫీజు కట్టే గడువు మాత్రం ఈ నెలాఖరే.

తెలుగు చదువుకు తలుపులు మూసుకుపోయాయని కాదు. బెంగాల్ మాధ్యమిక పరీక్షల్లో ప్రథమభాషగా తీసుకోదగ్గవాటిలో తెలుగూ ఉంది. ఊళ్లో తెలుగు బడి ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. హిందీ, ఉర్దూ, నేపాలీ, ఒడియా, సంథాలీ, పంజాబీల సరసన అన్నమాట. ఏ ప్రాంతంలోనైనా ఆ భాష మాట్లాడేవాళ్లు పదిశాతం దాటితే ప్రభుత్వ వ్యవహారాల్లో వాడుకోవచ్చన్నది అక్కడి పద్ధతి. నాలుగు నెలల్లో అసెంబ్లీ ఎన్నికలు ఉన్నాయి కాబట్టి ఓట్ల కోసమేనన్నవాళ్లూ ఉన్నారు. అయితే అవనివ్వండి. ఓటు కోసమైనా గుర్తొచ్చాం కదా అని పేటల్లో పెద్దవాళ్లు మురిసిపోతే తప్పుపట్టలేం.

కానీ తెలుగులో అర్జీ పెట్టుకోవచ్చంటే రాయడం వచ్చినవాళ్లు ఉండాలి. తెలుగు బడికి పంపమంటే తండ్రి అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. పదో తరగతి తెలుగులో చదివితే ఆ తర్వాత ఏ కాలేజీ? ఏ ఉద్యోగం? ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టగలిగిన ఇల్లు అటు వెళ్తుంది. కట్టలేని ఇల్లు హిందీ బడికో బెంగాలీ బడికో. మనదగ్గరే తెలుగు మీడియం బళ్లు ఖాళీ అవుతున్నప్పుడు వాళ్లను ఏమంటాం? వాట్సాప్‌లో పిన్నికి ఉగాది శుభాకాంక్షలు పంపాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పెళ్లి శుభలేఖలో తెలుగు పేజీని మాత్రం ఇంకా వదల్లేదు. ఇంట్లో దాన్ని తప్పుల్లేకుండా చదవగలిగేది నానమ్మో తాతయ్యో.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఆ వారంలో హౌరా నుంచి చెన్నై, హైదరాబాద్ వైపు వచ్చే రైళ్లు ఖరగ్‌పూర్‌లో ఆగినప్పుడు ఎక్కేవాళ్లను చూడండి. సంచుల్లో మరమరాలు, సందేశ్ డబ్బాలు, మేనత్త పిల్లలకి పూజో సేల్‌లో కొన్న బట్టలు. బెర్తుల కోసం దెబ్బలాట హిందీలో, పిల్లల్ని కసరడం తెలుగులో, ఫోన్లో పక్కింటివాళ్లకి తాళంచెవి అప్పగింతలు బెంగాలీలో. ఊళ్లో వాళ్లని మద్రాసీలంటారు. తెల్లారి విజయనగరంలో దిగి అక్కడి నుంచి ఆటోలో సొంతూరు చేరితే రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లు కళ్లు చిట్లించి చూసి, 'ఖరగ్‌పూరోళ్లొచ్చినారు' అంటారు.